చోళ్ళ మెడ విరిగిన ఏడు

ఆ ఏడు సుభద్రకి కప్పిన శాలువాలు బీరువాలో పట్టక మంచం కింద ట్రంకుపెట్టెలోకి చేరాయి. ఇంకో రెండు సన్మానాలయితే బజార్లో కొట్టు పెట్టుకోవచ్చని ఆమె భర్త వరప్రసాద్ వేళాకోళం చేసేవాడు. ఆయన జూనియర్ కాలేజీలో లెక్కల మాష్టారు, కూడికలు ఆయన స్వభావం. సుభద్ర నవ్వేది కాదు. నవ్వడానికి కూడా కాస్త ఓపిక కావాలి. పగలంతా వరి పరిశోధన కేంద్రంలో పని, సాయంత్రమైతే ఏదో ఒక రైతు సంఘం సభ, అదే మైకు, అదే బంతిపూల దండ. వరికి అగ్గి తెగులు లేకుండా చేసిన మనిషిని చూడాలని జనం వచ్చేవాళ్ళు. వాళ్ళని తప్పుపట్టడానికి లేదు.

అగ్గి తెగులంటే ఏమిటో అన్నం తినేవాళ్ళకి తెలియదు, పండించేవాళ్ళకి తెలుసు. అది ఒక బూజు. ఆకు మీద నూలుకండె ఆకారంలో చిన్న మచ్చగా మొదలవుతుంది. నాలుగు రోజులు మంచు కురిసిందంటే చేనంతా ఎవరో నిప్పు పెట్టినట్టు మాడిపోతుంది. వెన్ను, అంటే వరి కంకి, తీసే వేళకి వస్తే మరీ అన్యాయం. వెన్ను మెడ దగ్గర నల్లబడి విరిగి, గింజ పాలు పోసుకోకుండానే తాలుగా మిగులుతుంది. దాన్ని మెడ విరుపు అంటారు. సుభద్ర పెళ్ళయిన కొత్తలో ఆమె మరిది ఏడుకొండలు కౌలుకి చేసిన చేనంతా అలాగే పోయింది. అతను తెల్లబోయిన వెన్నులు గుప్పెడు పట్టుకొచ్చి, ఇంత చదువుకున్నావు కదా వదినా, దీన్నేమీ చెయ్యలేవా అని అడిగాడు. అడిగిన వారానికి హైదరాబాదులో అపార్ట్‌మెంటుకి కాపలా కాయడానికి వెళ్ళిపోయాడు. సుభద్ర ఆ మాట పట్టుకుని పదిహేనేళ్ళ పైన పనిచేసింది.

ఆ పని చెప్పడానికి తేలిక, చెయ్యడానికి కాదు. బూజులో వేల జన్యువులుంటాయి. ఏది ఏం చేస్తోందో తెలియాలంటే ఒక్కొక్కదాన్నే పీకేసి, బూజుకి ఏ పని చేతకాకుండా పోయిందో చూడాలి. ఉమ్మడి కుటుంబంలో ఒక్కొక్కరినే ఊరికి పంపి, ఇంట్లో ఏ పని ఆగిపోయిందో చూసి, ఇన్నాళ్ళూ ఎవరు ఏం చేస్తున్నారో కనిపెట్టడం లాంటిదన్నమాట. చాలామంది వెళ్ళినా ఏ పనీ ఆగదు. అలా ఏళ్ళ తరబడి పీకగా పీకగా ఒక జన్యువు దొరికింది. అది లేని బూజు వరి ఆకు మీద వాలుతుంది, అంటుకుంటుంది, లోపలికి మాత్రం పోలేదు. కేంద్రంలో అందరూ దానికి గునపం అని పేరు పెట్టారు. దొంగ గునపంతో తలుపు పెకలించినట్టు, బూజు ఆ జన్యువుతోనే వరిని పెకలిస్తోంది.

గునపం తీసేసిన బూజుకి సుభద్ర ఇంకో విద్య కూడా నేర్పింది. దాని పోగు వెళ్ళి పొలంలో ఉన్న మామూలు బూజు పోగుని తాకితే, దాని గునపాన్ని కూడా లాగేస్తుంది. అదింకొకదాన్ని తాకుతుంది. ఉత్తచేతుల బూజు అని రైతులే పేరు పెట్టుకున్న ఆ రకాన్ని తొలకరిలో డెల్టా మీద వదిలితే, మూడో పంటకల్లా అగ్గి తెగులనే మాట పిల్లలకి విడమరిచి చెప్పాల్సి వచ్చింది. ఏడుకొండలు హైదరాబాదు నుంచి తిరిగొచ్చి మళ్ళీ కౌలు పట్టాడు. ఇంక పనిలేదని మందు కొట్టే పంపుని పాత ఇనుముకి వేసేశాడు.

అంతా బాగానే ఉంది. బాగుండబట్టే, ఆశ్వయుజమాసంలో ఒక మధ్యాహ్నం గేటు దగ్గర మీ అన్నయ్య వచ్చారని కబురొస్తే సుభద్ర సంతోషంగానే లేచి వెళ్ళింది.

సుభద్ర పుట్టింది డెల్టాలో కాదు. పార్వతీపురం దాటి కొండలెక్కాక వచ్చే జాతాపు గిరిజనుల గూడెంలో. చోళ్ళు, అంటే రాగులు, ఆ కొండవాలు పంట. ఆమె ఆ అంబలి తాగే ఎదిగింది, వరన్నం పండగనాటి మాట. పుట్టిల్లు చోళ్ళది, మెట్టినిల్లు వరిది. అన్న తవిటయ్య చెల్లెలి ఉద్యోగం చూడ్డానికి ఎన్నిసార్లు పిలిచినా రానివాడు, ఇప్పుడు పిలవకుండా వచ్చాడు. భుజం మీది తువ్వాలు విప్పి బల్ల మీద పెట్టాడు. అందులో చోడి కంకులు. ప్రతి కంకీ మెడ దగ్గర నల్లగా కమిలి వేలాడుతోంది. వేళ్ళు ముడుచుకున్నట్టుండే ఆ కంకుల్లో ఒక్కదాంట్లోనూ గింజ లేదు.

మొదట పాత తెగులే అనుకున్నామని చెప్పాడాయన. చోళ్ళకి సొంత అగ్గి తెగులు ఒకటి ఎప్పట్నుంచో ఉంది, వచ్చినా సగం చేను వదిలిపెట్టేది. ఇది నిరుడు కింది గూడెంలో కనబడింది, ఈ ఏడు కొండకొండంతా పాకింది. ఒక్క కంకీ మిగల్లేదు.

"నువ్వు తెగుళ్ళ డాక్టరమ్మవి గదా," అన్నాడు తవిటయ్య. "ఏటో సూసి సెప్పు."

సుభద్ర అన్నకి భోజనం పెట్టించి, గెస్ట్‌హౌస్‌లో పడుకోబెట్టి, కంకులు తీసుకుని ప్రయోగశాలలోకి వెళ్ళింది. ఒక మెడని బ్లేడుతో పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. బూజు కనబడింది. అంతవరకు ఆమెకి భయం లేదు. తర్వాత నీలం దీపం వెయ్యాలని ఎందుకు తోచిందో ఆమెకే తెలియదు. ఉత్తచేతుల బూజుని తయారుచేసినప్పుడు, ఇది మన కేంద్రం సొత్తని ఎవరూ కాదనకుండా, నీలం వెలుతురులో పచ్చగా మెరిసే గుర్తొకటి ఆమే అందులో చేర్చింది. ఆ గుర్తు చూసి పై అధికారులు ఎంతో మెచ్చుకున్నారు కూడా.

దీపం వేసింది. అన్న తెచ్చిన కంకి మెడ పొడుగునా పచ్చగా మెరిసింది.

ఆమె ఇంకో కంకి కోసింది, ఇంకోటి కోసింది. అన్నీ మెరిశాయి. దీపం ఆర్పి స్టూలు మీద కూర్చుంది. ఏం జరిగిందో ఆలోచించి కనిపెట్టాల్సిన పనిలేకపోయింది. జవాబు అక్కడే ఎన్నాళ్ళుగానో కూర్చుని, ఈవిడెప్పుడు తలతిప్పి చూస్తుందా అని ఎదురుచూసినట్టుంది.

గునపం వరి తలుపుని పెకలిస్తుంది, నిజమే. చోళ్ళ తలుపుకి అసలు గడియే లేదు. ఆ ఇంటికి దొంగ రాకపోవడానికి కారణం, అతని చేతిలో గునపం గుమ్మానికి తగిలి చప్పుడై ఇంటివాళ్ళు లేవడం. ఇప్పుడు సుభద్ర ఆ గునపం తీసేసింది. ఉత్తచేతుల దొంగ చప్పుడు లేకుండా చోళ్ళలోకి నడిచి వెళ్ళిపోయాడు.

మరి ముందే చూసుకోలేదా అంటే, చూశారు. బూజుని బయట వదిలేముందు చోళ్ళ మీదా, కొర్రల మీదా, సామల మీదా, జొన్న మీదా చల్లి చూశారు. ఎలా చూశారన్నదే గొడవ. వరి కేంద్రంలో ఏ తెగులైనా మూడు వారాల నారు మీద పరీక్షిస్తారు. ట్రేలో నారు పోసి, బూజు నీళ్ళు చల్లి, గోనె తడిపి కప్పి, వారం పోయాక ఆకు చూస్తారు. ఆకు శుభ్రంగా ఉంటే పాసు. తాతల నాటి పద్ధతి, వరికి ఏనాడూ తప్పు చెప్పలేదు. చోళ్ళ నారు ఆకులు కూడా శుభ్రంగానే ఉన్నాయి. ఆకుకి ఇంకో కాపలా ఉంది, కంకి మెడకి లేదు. కంకి వేసేదాకా మొక్కల్ని పెంచి చూడాలంటే ఇంకొన్ని నెలలు పట్టేది. తొలకరి దాటిపోయేది. ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. తక్కినవాళ్ళంటే వరివాళ్ళు, చోళ్ళని గ్రీన్‌హౌస్‌లో తప్ప చూడనివాళ్ళు. సుభద్ర చోడి చేలో కాపలా మంచె మీద అక్షరాలు దిద్దుకున్న మనిషి. ఆ పద్ధతిలో పడి పడి ఆమె కూడా వరిదైపోయింది.

మర్నాడు పొద్దున్న అన్నకి నిజం చెప్పాలనుకుంది. ఇంకా పరీక్షలు చెయ్యాలని చెప్పి బస్సెక్కించింది. అబద్ధం కాదు, నిజమూ కాదు.

డైరెక్టరు సోమయాజులు గారు మంచివాడు. కొండ మీది నుంచి వచ్చిన పిల్లకి ప్రయోగశాలలో మొదటి బల్ల ఇచ్చింది ఆయనే. ఆమె చెప్పినదంతా విని, నీలం దీపం కింద స్వయంగా చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. విరుగుడు ఉంది కదండీ అంది సుభద్ర. ఏ సూక్ష్మజీవినైనా బయట వదలాలంటే దాన్ని వెనక్కి పిలిచే విరుగుడు కూడా చేసి దాచాలన్నది కేంద్రం నియమం. గునపాన్ని మళ్ళీ అంటించే బూజుని ఆమే తయారుచేసి ఫ్రీజరులో పెట్టింది. అది వదిలితే ఉత్తచేతుల బూజంతా మళ్ళీ గునపం పడుతుంది. చోళ్ళకి చప్పుడు వినపడుతుంది. వరికి అగ్గి తెగులు తిరిగొస్తుంది.

"రెండూ ఒకే జన్యువు సుభద్రా," అన్నాడు సోమయాజులు. "ఒకదాన్ని ఉంచి ఒకదాన్ని తీయలేం. డెల్టాలో ఎంతమంది తింటున్నారు, కొండ మీద ఎంతమంది తింటున్నారు? ఈ ప్రశ్న నాది కాదు, పైవాళ్ళు అడిగేది ఇదే. చోళ్ళు పోయినచోట బియ్యం ఇస్తారు."

ఈ తెగులు తట్టుకునే చోళ్ళు తయారుచేద్దామంటే పదేళ్ళ పని. నిటారుగా ఉన్న కొండ చేలకి, రోజూ కురిసే వానలో, మందు కొట్టి లాభం లేదు. ఆయన చెప్పిందాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. అదే ఆమెని ఎక్కువ అలిసేలా చేసింది. తప్పు మాటతో దెబ్బలాడొచ్చు. కమిటీ కూర్చుంది, విరుగుడు వద్దని రాసింది, లేచింది.

ఆదివారం సుభద్ర కొండకి వెళ్ళింది. గూడెంలో చోళ్ళు దంచే చప్పుడు లేదు. వదిన చుక్కమ్మ పొయ్యి మీద వేలాడదీసిన నిరుటి కంకుల గుత్తి దించి చూపించింది. విత్తనానికని పొగలో దాచే కంకులు అవి, నల్లవీ ఎర్రవీ కలిపి ఒక్క చేటెడు. పోయినేడు కింది గూడెంవాళ్ళు విత్తనం జల్లి పోగొట్టుకున్నారు. ఈ ఏడు అందరూ అంతే. వచ్చే ఏడు ఇవి కూడా జల్లితే ఆ తర్వాత జల్లడానికి కొండమీద గింజ ఉండదు.

సుభద్ర అప్పుడు చెప్పింది. ఆ బూజు ఎవరు చేశారో, ఎందుకు చేశారో, చోళ్ళ మీద ఎలా పరీక్షించారో, పొయ్యి దగ్గర కూర్చుని చిన్న చిన్న మాటల్లో చెప్పింది. తవిటయ్య గుమ్మంలో నిలబడి విన్నాడు. వాళ్ళు తిడితే బాగుండునని ఆమెకి అనిపించింది. తిట్టినవాళ్ళతో ఏడవొచ్చు.

"కొండనాలిక్కి మందేత్తే ఉన్న నాలిక ఊడినాదని మా అమ్మ అనీది," అంది చుక్కమ్మ. "మాకు నాలిక బాగానే ఉన్నాది గదమ్మీ. మందెవులికో ఏసి, నాలిక మాది ఊడగొట్టినావు."

"బియ్యం ఇస్తామంటున్నారు వదినా."

"ఇత్తే తింటాం. తినకేటి సేత్తాం? ఇత్తనం ఎవులిత్తారు?"

ఇంతమంది శాస్త్రవేత్తలూ, ఇంత పెద్ద కమిటీ, ఆ ప్రశ్న మాత్రం ఒక్కరూ అడగలేదు. విరుగుడు సంగతి అప్పుడు బయటపెట్టింది. దాన్ని బతికున్న వరి మీద పెంచితేనే పాకుతుంది. అంటే ముందు ఎవరిదో ఒకరి వరిచేను కాలాలి. గూడెం కింద ఊటగెడ్డ అనే కొండవాగు పక్కన తవిటయ్యకి మడులున్నాయి, ఇప్పుడు వెన్ను తీసి ఉన్నాయి. చోళ్ళు పోయిన ఇంటికి ఈ ఏడు మిగిలిన పంట అదొక్కటే.

తవిటయ్య గెడ్డ వైపు దిగిపోయాడు. చీకటి పడుతుండగా తిరిగొచ్చాడు. ఏ మడి కావాలో చూసుకోమన్నాడు.

ఇంటికొచ్చి వరప్రసాద్‌తో చెప్పింది. ఉద్యోగం పోతుందని ఆయన అనలేదు, అది ఇద్దరికీ తెలిసిందే. చాక్‌పీసు పొడి అంటిన వేళ్ళు గీరుకుంటూ కూర్చున్నాడు. తర్వాత, మా తమ్ముడికి ఎవరు చెప్తారని మాత్రం అడిగాడు. నేనే చెప్తానంది సుభద్ర. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపమని ఊరికే అనలేదు. ఇక్కడ కప్పా పామూ ఇద్దరూ బంధువులే.

ఏడుకొండలు పొలంలోనే ఉన్నాడు. గట్టు మీద కూర్చోబెట్టి చెప్పింది. కొండ మీద వదిలినది ఈ ఏటికి ఇక్కడికి రాదనీ, గాలి పట్టుకుని దిగి డెల్టా అంతా కమ్ముకోవడానికి రెండు కార్తీకాలు పడుతుందనీ, వచ్చాక మాత్రం వెనకటిలాగే ఉంటుందనీ దాచకుండా చెప్పింది. అతను గడ్డిపరక నములుతూ విన్నాడు. గాలికి చేనంతా ఒక పక్కకి ఒరిగి లేస్తోంది.

"నన్ను అడుగుతున్నావా వదినా, చెప్తున్నావా?"

"చెప్తున్నాను."

"మొదటిదాన్ని వదిలినప్పుడు మీ అన్నయ్యకి చెప్పావా?"

"లేదు. చెప్పాలని తోచలేదు."

"మా అదృష్టం బాగుందన్నమాట. మాకైతే చెప్పి మరీ నిప్పెడుతున్నావు."

ఆమె తలొంచుకుని తన వాదన చెప్పింది. డెల్టాకి రోడ్లున్నాయి, మందులున్నాయి, తెగులు తట్టుకునే వరి రకాలు వస్తూనే ఉన్నాయి. కొండకి ఉన్నది ఆ చేటెడు గింజలే. అవి పోతే ఇంక లేవు. ఇవన్నీ దారి పొడుగునా బస్సులో తనకి తాను చెప్పుకుంటూ వచ్చినవే. అక్కడ ఎంతో సబబుగా ఉన్న మాటలు ఈ గట్టు మీద బలం లేకుండా పోయాయి.

"డెల్టాకున్నాయొదినా," అన్నాడు ఏడుకొండలు. "నాకు లేవు. నేను కౌలువాణ్ణి."

అతను లేచి నీళ్ళు కట్టడానికి వెళ్ళిపోయాడు. సుభద్ర గట్టు మీదే ఉండిపోయింది. ఈ మనిషి ఒక్కడు వద్దని గట్టిగా అరిచి ఉంటే మానేసేదేమో. అతను అరిచే రకం కాదు. చేటలోని కంకులూ అరవవు. ఎవరు అరవకపోతే వాళ్ళ పంట పోవడమే ఇన్నాళ్ళూ జరిగిందని ఆమెకి అప్పుడు తోచింది. తోచినందువల్ల ఏమీ తేలిక కాలేదు.

వారం తిరిగాక సోమవారం ఫ్రీజరు తెరిచి విరుగుడు సీసా కాఫీ ఫ్లాస్కులో పెట్టుకుంది. తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి, దొంగతనమనడానికి కూడా కుదరదు. సాయంత్రానికి గెడ్డ పక్క మడిలో ఉంది. చుక్కమ్మ చీర ఎగ్గట్టి ముందు దిగి, బాగా ఎదిగిన మూలకి తీసుకెళ్ళింది. ఇక్కడ కొట్టమంది. ఆ గొంతులో కోపమో ఏడుపో సుభద్రకి తెలియలేదు. తవిటయ్య గట్టు మీద వీపు తిప్పి నిలబడ్డాడు. వరి పాలు పోసుకుంటున్న వాసన. ఆకులు చేతులకి గీరుకుంటుంటే ఆమె పంపు కొడుతూ నడిచింది. వరిని బతికించడానికి చదివిన చదువంతా ఆ చేతుల్లోనే ఉంది కాబట్టి ఎక్కడ తడపాలో, ఎంత తడపాలో తప్పు పోలేదు. ఏ ఆకునీ వదలకుండా చల్లింది.

వారం ఆ ఇంట్లోనే ఉంది. ఒక పొద్దున్న మంచు ఇంకా ఆరకముందు మడిలో దిగితే, ఆకు మీద మచ్చ కనబడింది. నూలుకండె ఆకారం, చుట్టూ గోధుమ రంగు, మధ్యలో బూడిద రంగు. వరి మీద ఆ మచ్చ చూసి సంతోషించిన మనిషి లోకంలో ఇంకెవరూ ఉండరు. సుభద్ర సంతోషించింది. ఆ వెంటనే, గట్టు మీదున్న అన్న ముఖం చూసి, గట్టు ఎక్కి కూర్చుంది. కాసేపటికి చుక్కమ్మ వచ్చి పక్కన కూర్చుని, ఇదేనా అని అడిగింది. ఇదేనంది.

కేంద్రానికి వెళ్ళి తనే చెప్పేసింది. సోమయాజులు గారు ఆమె ముఖం చూడకుండా కాగితాల మీద సంతకం పెట్టాడు. సస్పెన్షన్, విచారణ, పేపర్లలో ఫోటో. నిరుడు పూలదండతో వేసిన ఫోటోనే, దండ కత్తిరించి వేశారు. రైతు సంఘాలవాళ్ళు కేంద్రం గేటు ముందు ఆమె బొమ్మ తగలబెట్టారు. వరప్రసాద్ పేపరు మడిచి, బొమ్మకి నీ పోలిక కుదర్లేదులే అన్నాడు. ఆ మాటకి ఆమెకి ఎన్నాళ్ళకో నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడ్చింది.

మొదటి ఏడు చుక్కమ్మ జల్లిన ఆ చేటెడు చోళ్ళలో సగం నిలబడ్డాయి. రెండో ఏడు, ఆ పంటలో దాచిన విత్తనాన్ని ఆమె గూడెం గూడెంకీ పంచగా, కొండవాలు మొత్తం కంకి పట్టింది. సుభద్ర వెళ్ళి చూసింది. ఒక్కొక్క మెడ మీద ఆవగింజలో సగమంత గోధుమరంగు చుక్క ఉంది. చప్పుడు విని మేలుకున్న మొక్క దొంగని గుమ్మంలోనే ఆపిన గుర్తు. తవిటయ్య ఒక మెడ వంచి చూసి, గట్టిగా ఉందని వదిలేశాడు.

అదే కార్తీకంలో డెల్టా మీద మంచు దిగింది.

పెద్ద రైతులు మందులు కొట్టారు. కొంతమంది కొత్త రకాలు వేసి బయటపడ్డారు. ఏడుకొండలు అరువు పంపు తెచ్చి రెండుసార్లు కొట్టాడు. మూడోసారికి మందు దొరికేసరికి వెన్ను మెడలు వాలిపోయాయి. కబురు ఎవరూ చెప్పలేదు. వరప్రసాద్ తమ్ముడింటికి వెళ్ళొచ్చి అన్నం తినకుండా పడుకుంటే సుభద్రకి అర్థమైంది.

మర్నాడు ఒక్కతే వెళ్ళింది. చేనంతా తెల్లగా ఉంది. పండిన తెలుపు కాదు, తాలు తెలుపు. పశువులకి గడ్డయినా దక్కుతుందని ఏడుకొండలూ అతని భార్య నాగవేణీ కోస్తున్నారు. సుభద్ర గట్టు మీద చెప్పులు విడిచి దిగింది. రమ్మని ఎవరూ అనలేదు, రావద్దనీ అనలేదు. గట్టు మీదున్న కొడవలి తీసుకుని పక్క వరసలో వంగి కోయడం మొదలుపెట్టింది. కొండ మీద నేర్చిన కోత, చెయ్యి మర్చిపోలేదు. ఎండ ఎక్కింది. కోసిన గుప్పిళ్ళు చేర్చి పన కట్టి వేసినప్పుడల్లా బరువు లేదు. గింజ లేని పన ఎంత తేలికో ఇన్నేళ్ళ ఉద్యోగంలో చేత్తో ఎత్తి చూడలేదు. నడుం విరిగిపోతోంది, అయినా ఆగలేదు. ఆగితే మాట్లాడాలి.

మడి సగమయ్యాక ఏడుకొండలు ఆమె పక్కకి వచ్చి నిలబడ్డాడు. మనిషి బాగా తగ్గిపోయాడు. నాగవేణి కూడా కోత ఆపి ఇటు చూసింది. మళ్ళీ హైదరాబాదు వెళ్ళడానికి మాట్లాడుకున్నామని, పొద్దున్న ఆమె ఎవరితోనో ఫోనులో అనడం సుభద్ర వింది.

"మీ అన్నయ్యోళ్ళకి చోళ్ళు పండాయా?" అని అడిగాడు ఏడుకొండలు.

ఆమె నడుం ఎత్తి నిలబడింది.

"పండాయి," అంది సుభద్ర.

"సంతోషం," అన్నాడు ఏడుకొండలు. అతని గొంతులో ఎగతాళి లేదు, నిజంగానే అన్నాడు. అని, ఆమె చేతిలో కొడవలి మెల్లిగా విడిపించి తీసుకున్నాడు.

"ఇంక నువ్వెళ్ళొదినా."